రోజుకు ఒక చెంబు

మా వంటింట్లో పొయ్యి గట్టు మీద ఒక చిన్న స్టీలు చెంబు ఉంటుంది. పొద్దున్నే మా కోడలు సరిత దాని మెడ కింద గీత దాకా నీళ్లు నింపి మూత పెడుతుంది. మర్నాడు పొద్దుటిదాకా నాకున్న నీళ్లు అవే. గోలీలు వేసుకోవాలన్నా, నోరు తడుపుకోవాలన్నా ఆ చెంబులోంచే. నేను చాయ్ తాగితే, తాగినన్ని నీళ్లు చెంబులోంచి తీసి వాకిట్లో కరివేపాకు మొక్కకు పోస్తుంది. చారు పోసుకున్నా అంతే. ఆ మొక్క బాగా పెరిగింది. నేను ఎంత చాయ్ తాగానో దాన్ని చూస్తే తెలుస్తుంది.

నా రెండు కిడ్నీలూ పని మానేశాయి. రోజు విడిచి రోజు కోరుట్ల నుంచి జగిత్యాలకు బస్సులో పోయి, మిషన్ పక్కన పడుకుని, రక్తం కడిగించుకుని వస్తాను. తాగిన నీళ్లు బయటికి పోయే దారి ఒంట్లో లేదు. అవి కాళ్లలో, కడుపులో, ఊపిరితిత్తుల్లో నిలిచిపోతాయి. అందుకని ఈ చెంబు.

ఆస్పత్రి వరండాలో మొదటిసారి కూర్చుని, ఏమీ అర్థంకాక పక్కవాళ్ల మొహాలు చూసే మనిషి కోసం ఇది రాస్తున్నాను. ఆ మనిషికి చదవడం రాకపోతే పక్కనున్నవాళ్లు చదివి వినిపించండి. నాకూ చాలా ఏళ్లు రాలేదు. సరిత మా ఇంటికి కోడలుగా వచ్చాక, మహిళా సంఘం మీటింగుల్లో నేను వేలిముద్ర వేయడం చూసి పలక కొనుక్కొచ్చింది. అప్పటికి నా తల సగం నెరిసింది. ఇప్పటికీ కూడబలుక్కునే చదువుతాను, రాయడం ఇంకా నెమ్మది. ఈ కాగితాలు నిండటానికి చాలా రోజులు పట్టింది. నాకు తొందర లేదు.

తొందర ఒకప్పుడు ఉండేది.

అది వానాకాలం, నాట్లు పడుతున్న రోజులు. నాటు వేసేవాళ్లం వెనక్కి వెనక్కి జరుగుతూ పోతాం. మా గుంపులో అందరికన్నా ముందు ఒడ్డు తగిలేది నా మడమలకే. ఒడ్డెక్కి నిలబడి, ఇంకా మడి మధ్యలో ఉన్నవాళ్లను ఆటపట్టించేదాన్ని. ఆ ఏడు నా మడమలు ఒడ్డును ఆలస్యంగా తాకాయి. కాళ్లు ఉబ్బాయి. పొద్దంతా బురదనీళ్లలో వంగి ఉండేవాళ్లకు కాళ్లు ఉబ్బడం జబ్బని ఎవరూ అనుకోరు. నేనూ అనుకోలేదు. నడుము నొప్పికి రోజూ వేసుకునే గోలీయే ఇంకొకటి ఎక్కువ వేసుకున్నాను. ఆ గోలీలు ఎన్నో ఏళ్లుగా నా సాయంత్రం చాయ్‌తో పాటే నడిచాయి. ఈ జబ్బు వాటివల్లనా, బీపీ వల్లనా అని తర్వాత అడిగితే, రెండూ కావచ్చన్నారు డాక్టరమ్మ. కూలికి పోయే ఆడవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు.

దసరా దగ్గర పడేసరికి మొహం ఉబ్బింది. అన్నం చూస్తే వాంతి వచ్చేది. పడుకుంటే ఊపిరి ఆడేది కాదు, గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. నా కొడుకు శీను ఆటో నడుపుతాడు. ఆ ఆటోలోనే కోరుట్లలో ఒక డాక్టరు దగ్గరికి, అక్కడి నుంచి జగిత్యాలకు తీసుకుపోయాడు.

ఆస్పత్రి వరండాలో ఎదురుచూడటం కూడా ఒక పనే. బెంచీ అంచున చోటు సంపాదించాలి, పేరు పిలిస్తే వినబడేంత దూరంలో ఉండాలి, మూత్రానికి పోయి వచ్చేలోగా పేరు పిలిచేస్తారేమోనని బిగబట్టుకోవాలి. నాకు బిగబట్టే కష్టం లేకపోయింది. మూత్రమే రాక అప్పటికే చాలా రోజులైంది. అది జబ్బు గుర్తని తెలియక, పక్కామెతో ఇదొక్కటి నయమని అన్నాను. ఆమె నా మొహం కేసి చూసి తల తిప్పుకుంది. ఆమె మొగుడికీ అదే జబ్బని తర్వాత తెలిసింది.

లోపల శీను డాక్టరమ్మను అడిగాడు. మా వైపు అమ్మను అవ్వ అంటారు. "అవ్వకు జెప్పాల్నా మేడం?"

"ఆమె ఇక్కడే కూర్చున్నారు కదా," అన్నారు డాక్టరమ్మ.

అప్పుడు నా వైపు తిరిగి, మెల్లగా, ఒక్కొక్క మాటా చెప్పారు. అంతా చెప్పాక అడగాల్సింది ఏమైనా ఉందా అన్నారు. "మళ్ల నాట్లకు పోవచ్చునా?" అని అడిగాను. శీను కింద నేలను చూస్తున్నాడు. నాకు జవాబు అక్కడే దొరికింది.

*

మిషన్ గదిలో నా పక్క మంచం రజియాది. జగిత్యాల బజార్లో గాజులు అమ్మేది. నాకన్నా చిన్నది, నాకన్నా ముందు నుంచి ఈ జబ్బుతో ఉన్నది. మొదటి రోజే నా ఎడమ చెయ్యి పట్టుకుని, వేళ్లన్నీ కలిపి నొక్కి చూసింది.

"రెండు నాలుగు," అంది.

"ఏంది గది?"

"నీ గాజు సైజు. గని గీ చేతికి ఇగ గాజు ఎక్కొద్దక్కా. గీడ ఆపరేషన్ జేసి నరం కలుపుతరు. గాజు గాదు, బరువు సుత ఎత్తొద్దు. నీళ్ల బిందె సుత."

"నా మొగడు పోయిన్నాడే గాజులు పోయినయి."

"గట్లయితే నీకో బాధ తప్పింది. నన్ను జూడు, గాజులమ్మేదానికి ఒక్క చెయ్యే మిగిలింది." కుడిచెయ్యి ఎత్తి గలగలలాడించింది. ఎడమచెయ్యి బోసిగా దుప్పటి మీద ఉంది.

నీళ్లు తాగడం నాకు నేర్పింది ఆమే. వరి మడుల్లో పుట్టి పెరిగినదానికి నీళ్లు తాగడం ఒకరు నేర్పాలా అని మీకు నవ్వు రావచ్చు. నాకూ వచ్చింది.

"మింగుడు గాదక్కా," అనేది. "నోట్ల వెట్టుకోవాలె. ముందుగాల పండ్లకు ఇయ్యాలె, తర్వాత నాలుకకు, తర్వాత అంగుడికి. ఇంట్ల అందరికి పంచినట్టు. అందరికి అందినంకనే మింగాలె. గప్పుడు గుక్కెడు గిలాసెడైతది."

"కాకపోతే?"

"కాకపోతే ఇంకో గుక్క తాగబుద్దైతది. తాగొద్దు. గంతే."

కొన్ని వారాలకు నా చేతికి ఆపరేషన్ అయింది. కుట్లు మానాక, మణికట్టు పైన చర్మం కింద ఏదో మోగడం మొదలైంది. చెవి ఆనిస్తే ఝుమ్మని వినబడేది. రోజూ పొద్దున లేవగానే అది మోగుతున్నదో లేదో చూసుకోవాలన్నారు. ఆగిపోతే వెంటనే పరుగెత్తి రావాలట. ఆ మోత ఎక్కడో విన్నానని చాలా రోజులు అనుకున్నాను. ఒక పొద్దున తట్టింది. సిరిసిల్లలో మా అక్క వీధి మలుపు తిరిగితే, గోడల వెనక నుంచి మరమగ్గాలు వినబడేది ఇలాగే. అక్కడ వాటిని సాంచలంటారు.

*

జబ్బు సంగతి వాడంతా తెలిసింది. మా వైపు జబ్బు మనిషిని చూడటానికి ఎవరూ ఒట్టి చేతులతో రారు. అలా వస్తే మనిషిని అవమానించినట్టు. అరటిపండ్లు, బత్తాయిలు, దానిమ్మ, అన్నిటికన్నా ఎక్కువ కొబ్బరి బోండాలు. బోండాం నీళ్లంటే మందుతో సమానం. అన్నం మాని పడుకున్న మనిషికి మొదట గొంతులో పోసేది అవే.

మా జబ్బుకు అవి విషం. పండ్లలో, కొబ్బరినీళ్లలో ఉండే ఒక ఉప్పును పాడైన కిడ్నీ బయటికి పంపలేదు. అది రక్తంలో పెరిగిపోతే గుండె ఆగుతుంది. డాక్టరమ్మ సరితను కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పి, చెప్పినదాన్ని మళ్లీ ఆమె నోటితో చెప్పించుకున్నారు.

అందుకని వచ్చినవాళ్లు తిరిగి వాకిలి దాటి పోగానే సరిత ఆ పండ్లూ బోండాలూ గల్లీలో పిల్లలకు పంచేసేది. ఆకుకూర ముందురోజే కోసి నీళ్లలో నానబెట్టి, మర్నాడు ఉడికించి, ఆ నీళ్లూ పారబోసి, మిగిలిన పిప్పిని నాకు కూరగా పెట్టేది. తాగే నీళ్లుండే మట్టి రంజన్‌ను తనూ శీనూ పడుకునే గదిలోకి మార్చింది. ఇదంతా వాడకట్టు చూసింది.

మా పక్కింటి ఎల్లవ్వ నాకు వదినె వరస. ఒకరోజు వాకిట్లో నిలబడి, లోపలికి వినబడేలా అంది. "ఏం పిల్లా, మేము దెచ్చినయి ముసల్దానికి వెడతలేవట. నీళ్లు సుత కొలిచి పోస్తున్నవట. కూలి వోయినన్ని దినాలు మంచిగున్నది, ఇప్పుడు నీళ్లకు సుత బరువైందా?"

సరిత బట్టలు ఆరేస్తున్నది. ఆరేస్తూనే ఉంది.

"నువ్వన్నా చెప్పు వదినె," అని ఎల్లవ్వ నన్నడిగింది. "నీళ్లు పోస్తున్నదా లేదా?"

దూప, దాహం, అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి, లేకపోతే నా జవాబు మీకు అర్థం కాదు. అది గొంతులో ఉండదు, తల లోపల ఉంటుంది. ఎవరో గిన్నె కడుగుతుంటే ఆ చప్పుడుకు చెవులు నిక్కబొడుచుకుంటాయి. పక్కింట్లో బోరు వేస్తే ఒళ్లు ఝల్లుమంటుంది. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మాట వినబడదు, వాళ్ల నోట్లోని తడి కనబడుతుంది. అలాంటి మధ్యాహ్నం అది.

"పోస్తలేదు," అన్నాను.

సరిత చేతిలో ఉన్న లంగాను తీగ మీద వేసి, క్లిప్పు పెట్టి, బకెట్ తీసుకుని లోపలికి పోయింది.

ఆ సాయంత్రం నేనే అన్నాను. "మీ అవ్వకైతే గిట్లనే కొలుస్తుంటివా?"

"మా అవ్వకైతే గిన్ని సుత పొయ్యకపోతుంటి," అంది సరిత. "గీత దాటి ఒక వేలు ఎక్కువనే పోస్తున్న అత్తా. నీ నోటికి భయపడి. రేపటి సంది గీత దాకనే."

మర్నాటి నుంచి గీత దాకానే పోసింది. స్నానాల గది బకెట్‌లోంచి దొంగతనంగా పూటకొక దోసెడు తాగాను. మిషన్ దగ్గర బరువు చూసే ముల్లు ఆ దోసిళ్లన్నీ బయటపెట్టింది. ఆ రోజు మిషన్ నా ఒంట్లోంచి ఎక్కువ నీళ్లు లాగాల్సి వచ్చి పిక్కలు పట్టేశాయి. నేను అరుస్తుంటే రజియా పక్క మంచం మీద నుంచి, సూది లేని చెయ్యి చాపి నా బొటనవేలు పట్టుకుంది.

శీను ఇంట్లో తక్కువగా ఉండసాగాడు. బయట అందరూ నీ పెండ్లాం ఇట్లట గదా అని అడుగుతున్నారు. అతనికి జవాబు తెలుసు. రోజూ అదే జవాబు చెప్పి అలసిపోయాడు. ఒకరోజు అన్నం తింటూ, "ఇంక జర పోస్తే ఏమైతది?" అన్నాడు. సరిత తన కంచం ఎత్తుకుని లేచిపోయింది.

*

ఎండాకాలం మొదట్లో మా అక్క రాజవ్వ ఫోన్ చేసింది. అమ్మ పోయినప్పటి నుంచి నాకు అమ్మ అక్కే. వాళ్లింటి ముందు గదిలో నాలుగు సాంచలున్నాయి. బావ నడుపుతాడు, అక్క వాటికి నూలు కండెలు చుడుతుంది.

"నీళ్లకు కొలతలు వెట్టే ఇల్లు ఏం ఇల్లే లస్మీ," అంది. "నా దగ్గరికి రా. నాలుగొద్దులుండి పో."

నేను పోతానంటే సరిత ఒక్కటే అంది. "జగిత్యాలకు పోవుడు మాత్రం తప్పకు అత్తా. గదొక్కటి." చెంబు సంచిలో పెట్టబోయింది. నేను తీసి గట్టు మీద పెట్టాను.

సిరిసిల్ల బస్టాండులో దిగగానే అక్క గిలాస నిండా నీళ్లతో నిలబడి ఉంది. ఇంటి నుంచి గిలాస తెచ్చుకుంది. అవి తాగుతుంటే నాకు ఏడుపొచ్చింది. మెడ మీదుగా, రవిక లోకి కారేలా తాగాను. పండ్లకు, నాలుకకు, అంగుడికి ఎవరికీ పంచలేదు.

అక్క ఇంట్లో ఆ రోజులు బాగున్నాయి. ఆ మాట అబద్ధం చెప్పలేను. సాంచల మోతలో పడుకుంటే చేతి మోత వేరుగా వినబడేది కాదు, రెండూ ఒకటే అయ్యేవి. మధ్యాహ్నం ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు అక్క బోండాం కొట్టించి తెచ్చేది.

"గిది వద్దన్నరక్కా," అన్నాను మొదటి రోజు.

"పసిపిల్లలకు పోస్తరు, బాలింతలకు పోస్తరు. నీకేమైతది? గా డాక్టర్లకేం తెలుసు, వాళ్లు బాటిల్ల నీళ్లు తాగెటోళ్లు."

రజియా చెప్పింది, డాక్టరమ్మ చెప్పింది, సరిత చెప్పింది. అందరూ చెప్పింది నాకు గుర్తుంది. తాగాను. ఇష్టమైన మనిషి చేతిలో చల్లగా ఉన్నప్పుడు విషం విషంలా ఉండదు. మామిడిపండు తిన్నాను. జగిత్యాలకు పోవాల్సిన రోజు పొద్దున కాళ్లు బరువుగా ఉన్నాయంటే, "ఒక్కసారి పోకపోతే ఏంగాదు, పండుకో," అంది అక్క. నాకూ అదే వినాలని ఉంది.

తర్వాతి రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. సాంచలన్నీ ఒక్కసారిగా ఆగాయి. వీధంతా అంత నిశ్శబ్దమైపోతుందని నాకు తెలియదు. లేచి కూర్చోబోయాను. కాళ్లు నావి కానట్టున్నాయి. చెయ్యి ఎత్తబోతే ఎత్తలేకపోయాను. అక్కా అని పిలిస్తే నాలుక మందంగా కదిలింది. గుండె ఒకసారి కొట్టుకుని, మళ్లీ కొట్టుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు ఆగేది. ఎడమచెయ్యి చెవి కిందే ఉంది. అందులో మోత ఇంకా ఉంది, కానీ అది ఎక్కడో వేరే వీధిలో ఉన్నట్టుంది. నాకు భయం వేయలేదు. అదే అన్నిటికన్నా భయంకరమైన సంగతి.

కరెంటు పోకపోతే నా గొంతు అక్కకు వినబడేది కాదు.

ఆస్పత్రిలో నాకు తెలివి వచ్చేసరికి ఒక డాక్టరు మంచం పక్కన నిలబడి, వచ్చినవాళ్లను అడుగుతున్నాడు. "ఈమెకు కొబ్బరి బోండాం పోసిందెవరు?"

బావ గోడ వైపు చూశాడు. అక్క బళ్లో పిల్లలా చెయ్యెత్తింది. దూది పోగులు అంటుకున్న చెయ్యి.

"నేనే సారు. రోజు పోసిన. మంచిదని పోసిన."

ఆయన ఇంకేదో అనబోయి ఆగాడు. ఏమన్నా ఆమెకు అంతకన్నా ఎక్కువ తగలదని ఆయనకూ అర్థమై ఉంటుంది. అక్క నా దగ్గరికి రాలేదు. తలుపు దగ్గరే నిలబడి, "మంచిగనే జూసుకున్న గదనే. మంచిగనే జూసుకున్న గద," అంటూ ఉంది. నన్నడగడం లేదు.

పొద్దు వాలేలోగా కోరుట్ల నుంచి సరిత వచ్చింది. చేతి సంచిలోంచి చెంబు తీసి కిటికీలో పెట్టింది.

*

మళ్లీ జగిత్యాల మిషన్ గదిలోకి నడవగలిగేసరికి, రజియా మంచం మీద ఎవరో ఒక కాలేజీ పిల్లాడు పడుకుని ఉన్నాడు. ఆమె వచ్చే రోజు మారిందేమో అనుకున్నాను. మిషన్ చూసే తమ్ముడిని అడిగాను.

"పోయింది అవ్వా. పోయిన వారం. ఇంట్లనే."

"ఏం తిన్నది?"

"ఏం తినలే. ఒక్కసారి సుత మిస్ గాలే. ఆమె చార్టు అందరికన్న మంచిగుండె. గుండె తట్టుకోలే, గంతే."

నేను బోండాలు తాగి బతికాను. గుక్కెడు నీళ్లను ఇంటిల్లిపాదికీ పంచినట్టు పంచుకుని తాగిన మనిషి పోయింది. ఇందులో న్యాయం ఎక్కడుందని వెతకకండి, నేను చాలా రోజులు వెతికాను. ఇక్కడ ఎంత పద్ధతిగా ఉంటే అంత బతుకుతారని నేను మీకు మాట ఇవ్వలేను. ఆస్పత్రి వాళ్లూ ఇవ్వరు. సరిగా లేకపోతే ఏమవుతుందో మాత్రం చెప్పగలను, అది చూసి వచ్చాను.

ఆ తర్వాతి తడవ పోనన్నాను. "ఇగ చాలు," అన్నాను. గోడవైపు తిరిగి పడుకున్నాను. నన్ను బస్టాండులో దింపడానికి శీను ఆటో స్టార్ట్ చేసి, ఆపి, మళ్లీ స్టార్ట్ చేశాడు. సరిత రోజూలాగే చెంబు నింపి మూత పెట్టి, తల దగ్గర పెట్టిపోయింది. బతిమాలలేదు. ఆమెకూ ఓపిక అయిపోయిందని నాకు తెలిసింది.

ఎండ వాకిట్లోకి వచ్చేదాకా అలాగే ఉన్నాను. నోరు పిడచగట్టింది. లేచి, మూత తీసి, ఒక గుక్క నోట్లోకి తీసుకున్నాను. మింగేద్దామనే తీసుకున్నాను. కానీ అది పండ్ల దగ్గర ఆగింది. తర్వాత నాలుక కిందికి పోయింది. తర్వాత అంగుడికి. నేనేమీ చేయలేదు, నోరే చేసింది. చల్లదనం చెవుల దాకా పాకింది. చెంబులోని నీళ్లకు కొంచెం స్టీలు వాసన, కొంచెం బోరు నీళ్ల చప్పదనం ఉన్నాయి. జీవితమంతా బిందెలకొద్దీ తాగాను గానీ నీళ్లకు రుచి ఉందని అప్పుడే తెలిసింది. రజియా దీన్ని ఎక్కువ కాలం బతకడానికే చేసిందనుకున్నాను. ఆమెకు దక్కింది మాత్రం ఆ గుక్కే.

"శీనూ, ఆటో తియ్యి," అని పిలిచాను. "ఒక బస్సు పోయినా ఇంకో బస్సు ఉంటది."

*

ఇప్పుడు నా రోజు ఇలా ఉంటుంది. కళ్లు తెరవగానే ఎడమచెయ్యి చెవికి ఆనిస్తాను. మోత వినబడితే లేస్తాను. ఎత్తు పీట మీద కూర్చుని స్నానం చేస్తాను, మధ్యలో ఒకసారి ఆగుతాను. ఆకుకూర నేనే తుంచుతాను, ఒక్కొక్క ఆకు. పొద్దు ఎక్కాక పేపర్లో ఒక్క వార్త, పెద్ద అక్షరాలది, పూర్తిగా చదువుతాను. రెండోది ముట్టను. చెంబును పొద్దున్నే ఖాళీ చేస్తే సాయంత్రం ఏడవాలి, సాయంత్రానికే దాచిపెడితే మధ్యాహ్నం పిచ్చెక్కుతుంది. కాబట్టి రోజంతటినీ ముందే చూసుకోవాలి. ఒకప్పుడు మడిలో వెనక్కి నడుస్తూ, ఒడ్డు ఎప్పుడు తగులుతుందా అని చూసేదాన్ని. ఇప్పుడు ఒడ్డు ఎక్కడుందో తెలుసు. అటు తొందరపడను.

దీన్ని నేను ఎంచుకోలేదు. ఊరికే ఉన్నవాళ్లు నెమ్మదిగా బతకడం మంచిదని అంటే నాకు కోపం వస్తుంది. నా నెమ్మదికి సూదులున్నాయి. అయినా అబద్ధం ఆడను, రెండు చేతులా నారు పట్టుకుని ఉరికిన రోజుల్లో నా ఇంటి వాకిట్లో ఎండ ఎటు నుంచి ఎటు పోతుందో నాకు తెలియదు.

మా అక్క చాలా నెలలు రాలేదు. ఫోన్ చేస్తే బావ ఎత్తేవాడు. కండెలు చుడుతున్నదనేవాడు. నేను పోదామంటే సిరిసిల్ల అనే మాటకే మా ఇంట్లో అందరూ లేచి నిలబడేవారు. పోయిన వారం ఆమే వచ్చింది.

వాకిలి దగ్గర ఆగిపోయింది. లోపలికి రావడం లేదు. చేతులు రెండూ కొంగు కింద దాచుకుంది. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. అక్క తన జీవితంలో మొదటిసారి ఒకరింటికి ఒట్టి చేతులతో వచ్చింది.

"ఏం దేలేదే," అంది. "బస్టాండు కాడ బోండాలు కనవడ్డయి. మొకం తిప్పుకొని అచ్చిన."

"మంచిగ చేసినవ్. లోపలికి రా."

సరిత పీట వేసి, అలవాటుగా గిలాస నిండా నీళ్లు తెచ్చి అక్క చేతిలో పెట్టింది. అంతలో ఎల్లవ్వ వచ్చింది. ఎవరు వచ్చారో చూడకుండా ఉండలేదు. అక్క గిలాసను, గట్టు మీద నా చెంబును మార్చి మార్చి చూసి, "సుట్టాలకు మాత్రం గిలాస నిండ," అంది.

అక్క గిలాస కింద పెట్టింది.

"వదినె, ఇటు జూడు," అంది. "నేను నా చెల్లెకు నిండ పోసిన. అడిగిన కాడికి పోసిన. అది నా చేతులల్లనే సచ్చేది. గీ పిల్ల కొలిచి పోస్తున్నది కాబట్టి గిక్కడ కూసున్నది. పోసినదాన్ని నేను చెప్తున్న. ఇంకోతాప గీ పిల్లను ఏమన్న అంటే నా మీద ఒట్టే."

ఎల్లవ్వ పైట సర్దుకుని, మెట్టు దిగిపోయింది. సరిత వంటింట్లోకి పోయింది. అక్కడ గిన్నెల చప్పుడు ఏమీ రాలేదు.

అక్క గిలాస ముట్టుకోలేదు. సిరిసిల్ల నుంచి ఎండలో వచ్చింది, పెదవులు పగిలి ఉన్నాయి.

"తాగక్కా."

"నీ ముంగట ఎట్ల తాగనే?"

"నా ముంగటనే తాగు. జర మెల్లగ. నేను జూస్త."

అక్క గిలాస ఎత్తింది. మొదటి గుక్క తొందరగా మింగింది. నా మొహం చూసి, రెండోది ఆపింది. నోట్లోనే పెట్టుకుంది. ఆమె గొంతు ఎప్పుడు కదులుతుందా అని చూస్తూ కూర్చున్నాను. గట్టు మీద నా చెంబులో ఇంకా కొంచెం ఉంది. సాయంత్రం కావడానికి చాలా పొద్దుంది.